మెగాడెత్ మొదటి ఆల్బం: మూడు మిక్సుల్లో ఏది వినాలి? దీని మీద ఇంత గొడవ ఎందుకు?

రిఫ్‌రాజ్యం:

అమెరికన్ మెటల్ బ్యాండ్ మెగాడెత్ 1985 ఆల్బం "కిల్లింగ్ ఈజ్ మై బిజినెస్... అండ్ బిజినెస్ ఈజ్ గుడ్!" గురించి అడిగితే ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోవట్లేదు. థ్రాష్‌లో (వేగంగా, కరకుగా సాగే మెటల్‌లో) ఇంత పచ్చిగా, ఇంత కసిగా వాయించిన మొదటి ఆల్బం ఇంకోటి లేదని కొందరు. అది డెమో టేపు స్థాయి దాటలేదని, నేరుగా 1986 నాటి రెండో ఆల్బం "పీస్ సెల్స్"తో మొదలుపెట్టమని ఇంకొందరు. 2002 రీమిక్స్ (పాత రికార్డింగుని మళ్ళీ కొత్తగా కలిపినది) ఆల్బంని బతికించిందని ఒక వర్గం, చంపేసిందని ఇంకో వర్గం. ఇప్పుడు 2018 నాటి ఇంకో రీమిక్స్ "ది ఫైనల్ కిల్" కూడా ఈ లెక్కలోకి వచ్చింది.

తెలిసినవాళ్ళు ఈ మూడూ కాస్త తేల్చండి.

మొదటిది, తప్పు మిక్స్‌దా (వాయిద్యాలూ గొంతూ కలిపిన తీరుదా), పాటలదా? రెండోది, ఈ ఆల్బంలోని "మెకానిక్స్"ని మెటాలికా "ఫోర్ హార్స్‌మెన్"తో పోల్చడం న్యాయమేనా? మూడోది, ఈ పాటలు గిటార్ మీద నేర్చుకోవాలంటే ఏ మిక్స్ పెట్టుకుని వినాలి?

టేప్‌హిస్:

సగం గొడవకి కారణం ఒకటే అండి. ఒకే పేరుతో మూడు మిక్సులు తిరుగుతున్నాయి, ఎవరు ఏది విని మాట్లాడుతున్నారో చెప్పరు. అందుకని ముందు మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోండి. ఫైళ్ళకి అట్టబొమ్మలు ఎవరు పడితే వాళ్ళు మార్చేస్తుంటారు కాబట్టి బొమ్మని నమ్మొద్దు. "దీజ్ బూట్స్" పాట ఎక్కడుందో చూడండి, అది అబద్ధం చెప్పదు.

1966లో నాన్సీ సినాట్రా గొంతులో హిట్టయిన పాట అది. మెగాడెత్ నాయకుడు, గిటారిస్ట్, గాయకుడు డేవ్ మస్టేన్ మాటలు మార్చి పాడాడు. 1985 ఎల్‌పీలో మొదటి వైపు చివర, అంటే నాలుగో పాటగా ఉంటుంది. పాట రాసిన లీ హేజిల్‌వుడ్ చాలా ఏళ్ళ తర్వాత అభ్యంతరం చెప్పాడు. దాంతో 1995 తర్వాత వచ్చిన ప్రతుల్లో ఆ పాట తీసేశారు, వాటిలో ఏడు పాటలే ఉంటాయి. 2002 రీఇష్యూలో మళ్ళీ పెట్టారు కానీ ఎనిమిదో పాటగా, మార్చిన మాటలు వచ్చిన చోటల్లా బీప్‌తో. దాని తర్వాత 1984 డెమోలోని మూడు పాటలుంటాయి. 2018లో అసలు పాటలోని మాటలే పెట్టి కొత్తగా పాడాడు. కాబట్టి నాలుగో స్థానంలో ఉన్నా, అసలు లేకపోయినా మీరు వింటున్నది పాత మిక్సే. బీప్ వినపడితే 2002. బీప్ లేకుండా ఎనిమిదో పాటగా వస్తే 2018.

ఇంకో సంగతి. చాలామంది 2002 దాన్ని "రీమాస్టర్" అనేస్తారు. రీమాస్టర్ అంటే అప్పటికే కలిపేసిన రెండు ఛానెళ్ళ టేపు తీసుకుని దాని మీద ఈక్యూ (కింది, పై శబ్దాల పాళ్ళు), కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించడం), వాల్యూమ్ సర్దడం. అందులో స్నేర్ డ్రమ్ ఒక్కటే పెంచాలంటే కుదరదు. రీమిక్స్ అంటే విడివిడి ట్రాకులున్న మల్టీట్రాక్ టేపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి కలపడం. 2002లో బిల్ కెన్నెడీ, 2018లో మార్క్ లూయిస్ చేసింది రీమిక్స్. అంటే గిటార్ ఎంత ముందుండాలి, గొంతుకి రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటిది) ఎంత ఉండాలి అన్న నిర్ణయాలన్నీ కొత్తగా తీసుకున్నారు. నచ్చడం నచ్చకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

పాత మిక్స్ ఎందుకలా ఉందో కూడా చూడాలి. రికార్డు కంపెనీ కాంబాట్ రికార్డ్స్ మొదట ఇచ్చింది 8,000 డాలర్లు, చాలకపోతే ఇంకో 4,000 ఇచ్చింది. అందులో పెద్ద భాగం డ్రగ్స్‌కీ మందుకీ తిండికీ పోయిన సంగతి బ్యాండే దాచలేదు. నిర్మాతని తప్పించి మిగిలిన పని వాళ్ళే చేసుకున్నారు. డబ్బు తగ్గితే ముందు కోతపడేది మిక్సింగ్‌కి కేటాయించే రోజులకి. వాయిద్యాల మధ్య చోటు పంచడానికి తీరిక ఉండదు. దాని ఫలితం రికార్డులో తెలుస్తూనే ఉంటుంది. గిటార్లు పల్చగా ఉంటాయి, డ్రమ్స్ గది అవతల మోగుతున్నట్టుంటాయి, గొంతు రివర్బ్‌లో తేలుతుంది, కింది శబ్దం తక్కువ.

ఇక పోల్చే పద్ధతి. ఏ రెండు మిక్సులు పక్కపక్కన పెట్టినా వాల్యూమ్ సమానం చేయకుండా తీర్పు చెప్పొద్దు. ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ మోగినా చెవి దాన్నే "బాగుంది" అనుకుంటుంది. కొత్త మాస్టర్లు పాతదాని కంటే బాగా గట్టిగా ఉంటాయి కాబట్టి సర్దకుండా వింటే ప్రతిసారీ కొత్తదే గెలుస్తుంది. ఇలా చేయండి:

– మూడు వెర్షన్ల నుంచీ ఒకే పాటలో ఒకే 20–30 సెకన్ల ముక్క తీసుకోండి. "లవ్డ్ టు డెత్"లో పియానో అయిపోయి బ్యాండ్ మొత్తం దిగే చోటు బాగా పనికొస్తుంది.
– ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టండి, మూడింటికీ ఒకే అంకె. మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గర పెడితే ఏదీ క్లిప్ అవదు, అంటే హద్దు దాటి శబ్దం పగలదు.
– పీక్ నార్మలైజేషన్ వాడొద్దు. అది అత్యధిక శిఖరాన్ని మాత్రమే సమానం చేస్తుంది. కంప్రెస్ చేసిన మాస్టర్ అప్పటికీ గట్టిగానే వినపడుతుంది.
– ఫూబార్ అనే మ్యూజిక్ ప్లేయర్‌కి ఏబీఎక్స్ కంపారేటర్ అనే అదనపు భాగం ఉంది. ఏ ఫైల్ మోగుతోందో తెలియకుండా వినొచ్చు.
– ఒక్కో రౌండ్‌లో ఒక్క విషయమే గమనించండి. మొదట స్నేర్, తర్వాత బేస్, తర్వాత గొంతు.

స్ట్రీమింగ్ యాప్‌లో నార్మలైజేషన్ ఆఫ్ చేసి ఉంటే ఈ పోలిక చెడిపోతుంది, అది కూడా చూసుకోండి.

డబుల్‌కిక్:

టేప్‌హిస్ గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. నా ఓటు మాత్రం 1985 మిక్స్‌కే, అది డ్రమ్స్ వల్ల.

ఈ ఆల్బంలో డ్రమ్స్ వాయించిన గార్ శామ్యూల్సన్ థ్రాష్ డ్రమ్మర్ కాదు. అతనూ గిటారిస్ట్ క్రిస్ పోలండ్ ఇద్దరూ జాజ్ ఫ్యూజన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. అప్పటి థ్రాష్ డ్రమ్మింగ్ ఎక్కువగా పంక్ నుంచి వచ్చిన తిన్నని కొట్టుడు. కిక్, స్నేర్, కిక్, స్నేర్, అన్నీ ఒకే బలంతో. గార్ అలా కొట్టడు. పెద్ద దెబ్బల మధ్యలో స్నేర్ మీద చాలా మెల్లగా చిన్న దెబ్బలు వేస్తాడు, వాటినే ఘోస్ట్ నోట్స్ అంటారు. వేగం ఎంతున్నా బీట్‌లో కొంచెం ఊపు ఉంటుంది. ఈ రికార్డు రైలు పట్టాలు తప్పబోతున్నట్టు వినిపిస్తూనే ఎక్కడా తప్పకపోవడానికి కారణం అదే.

రీమిక్స్‌లో వచ్చే చిక్కు ఇక్కడే. స్నేర్ మైకులో స్నేర్ ఒక్కటే ఉండదు, పక్కనున్న హైహ్యాట్ (జంట తాళాలు) కూడా పడుతుంది. స్నేర్ పెంచితే హైహ్యాట్ కూడా లేస్తుంది. దాన్ని తప్పించడానికి గేట్ పెడతారు, అంటే ఒక స్థాయి కంటే తక్కువ శబ్దం వస్తే ఛానెల్ మూసేస్తుంది. అప్పుడు ముందు పోయేవి ఘోస్ట్ నోట్సే. సాంపిల్ (ముందే రికార్డు చేసిన డ్రమ్ దెబ్బ) కలిపితే ప్రతి దెబ్బా ఒకే బలంతో వస్తుంది, ఊపు చచ్చిపోతుంది. కొత్త మిక్సుల్లో డ్రమ్స్ పెద్దగా, స్పష్టంగా ఉంటాయి, ఆ మాట నిజం. కానీ పెద్దదెబ్బలు మరీ ముందుకొచ్చేసరికి చిన్నదెబ్బలు వెనకపడ్డాయి. 1985 మిక్స్‌లో అంతా దూరంగానే ఉంది, కానీ వాటి మధ్య తేడా అలాగే నిలిచింది.

1985 మిక్స్ పల్చగా ఉందని వదిలేయకుండా ఈక్యూతో ఇలా ప్రయత్నించండి. 100 హెర్ట్జ్ దగ్గర 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ 1 నుంచి 2 తగ్గించండి. పెంచినంత మేర ఈక్యూలోని ప్రీయాంప్‌లో (మొత్తం వాల్యూమ్‌లో) తగ్గించడం మర్చిపోవద్దు, లేకపోతే క్లిప్ అవుతుంది. 60 హెర్ట్జ్ కింద పెంచినా లాభం లేదు, అక్కడ రికార్డయిందే తక్కువ. గరగర మాత్రమే పెరుగుతుంది.

బీసైడ్:

అందరూ మిక్స్ మీదే పడ్డారు. పాటల సంగతేంటి?

ఎంత బాగా మిక్స్ చేసినా ఇది ఇంకా పండని రికార్డే. మస్టేన్‌ని 1983 ఏప్రిల్‌లో మెటాలికా నుంచి పంపేశారు. వాళ్ళ కంటే వేగంగా, వాళ్ళ కంటే కష్టంగా వాయించాలన్న పట్టుదల ఈ రికార్డుని నడిపించింది. ఆ పట్టుదల బలమూ అయింది, అడ్డూ అయింది. చాలా పాటల్లో రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) వెనక రిఫ్ వస్తుంది కానీ ఒకదానికి ఇంకోదానితో సంబంధం గట్టిపడదు. బాగుందనుకున్న రిఫ్ రెండుసార్లు తిరక్కముందే ఇంకోదానిలోకి దూకేస్తాడు. కోరస్ ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి.

పాడటం సంగతి చూడండి. గాయకుడి కోసం వెతికి, ఎవరూ కుదరక మస్టేనే పాడటం మొదలుపెట్టాడు. వాయిస్తూ పాడటం అప్పటికి అతనికి కొత్త. మాటలు రిఫ్ మీద కూర్చోవు, రిఫ్ వెంట పరిగెడతాయి. "పీస్ సెల్స్" టైటిల్ పాట పక్కన పెట్టి వినండి. అక్కడ ఎలెఫ్‌సన్ బేస్ లైన్ ఒక్కటే పాటని మోస్తుంది, గొంతుకి కావలసినంత చోటు ఉంది. అదే నలుగురు, ఒక్క ఏడాది తేడా. కాబట్టి అంతా డబ్బు తక్కువై జరిగిందనడం సరికాదు.

"లుకింగ్ డౌన్ ద క్రాస్" మాత్రం దీనికి మినహాయింపు. మెల్లగా మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వేగంలోకి వెళ్తుంది. ఐదేళ్ళ తర్వాత మెగాడెత్ ఆల్బం "రస్ట్ ఇన్ పీస్"లో చేసిన పనికి మొలక ఇక్కడే ఉంది. ఈ ఆల్బంలో ఒక్క పాటే వినే ఓపిక ఉంటే అదే వినండి.

డబుల్‌కిక్:

రిఫ్‌లు అతకలేదనడం నేను ఒప్పుకోను అండి. "ద స్కల్ బినీత్ ద స్కిన్" తీసుకోండి. బ్యాండ్ మస్కట్ విక్ రాటిల్‌హెడ్ ఎలా తయారయ్యాడో చెప్పే పాట అది. పుర్రెకి కళ్ళూ చెవులూ నోరూ లోహంతో మూసేసే వర్ణన. ఒక్కో పని జరుగుతున్న కొద్దీ రిఫ్ మారుతుంది. అది తడబాటు కాదు, కథ నడిపే పద్ధతి. గొంతు విషయంలో మాత్రం మీరన్నది నిజమే, అక్కడ అనుభవం చాలలేదు.

మూడోతీగ:

రెండో ప్రశ్నా, మూడో ప్రశ్నా నేను తీసుకుంటాను.

"మెకానిక్స్", "ఫోర్ హార్స్‌మెన్" రెండూ ఒకే వేరు నుంచి వచ్చినవి. 1982 నాటి మెటాలికా డెమో "నో లైఫ్ టిల్ లెదర్"లో "మెకానిక్స్" ఉంది. మస్టేన్ వెళ్ళిపోయాక 1983 ఆల్బం "కిల్ ఎమ్ ఆల్" కోసం వాళ్ళు మాటలు మార్చారు, వేగం తగ్గించారు, మధ్యలో నెమ్మదైన శ్రావ్యమైన భాగం చేర్చారు. అది ఏడు నిమిషాలు దాటింది. మస్టేన్ తన వెర్షన్‌ని అసలు మాటలతోనే ఉంచి ఇంకా వేగం పెంచాడు, నాలుగున్నర నిమిషాల్లోపు ముగించాడు. ఆ మెటాలికా ఆల్బంలో నాలుగు పాటలకి మస్టేన్ పేరు కూడా ఉంది, కాబట్టి ఎవరు ఎవరిది తీసుకున్నారన్న వాదన అనవసరం. పోలిక న్యాయమే, కాకపోతే "ఏది గొప్ప" అని కాదు. మధ్య భాగం ఉంటే పాటకి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది, లేకపోతే ఒకే దూకుడు. నాకైతే పాటగా "ఫోర్ హార్స్‌మెన్" గెలుస్తుంది, కుడిచేతి పనిగా "మెకానిక్స్" గెలుస్తుంది.

ఇక నేర్చుకోవడం. వినడానికి 1985 ఎంత బాగున్నా, నేర్చుకోవడానికి 2018 లేదా 2002 పెట్టుకోండి. పాతదాంట్లో రెండు గిటార్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. హెడ్‌ఫోన్‌లో ఎడమ ఒక్కటి, తర్వాత కుడి ఒక్కటి విడివిడిగా వినండి. రిథమ్ వాయించే చెయ్యి ఎక్కడ పామ్ మ్యూట్ (అరచేత్తో తీగ మోతని అణచడం) వదులుతోందో అప్పుడు తెలుస్తుంది.

ట్యూనింగ్ మామూలు "ఈ" (E) స్టాండర్డ్. డ్రాప్ డీ (లావు తీగని ఒక స్వరం దించడం) అవసరం లేదు.

ఎక్కువమంది పాడుచేసుకునేది గెయిన్ (యాంప్‌లో డిస్టార్షన్ పెంచే నాబ్) దగ్గర. ఈ రికార్డు శబ్దం వినగానే గెయిన్ పూర్తిగా తిప్పేసి, మిడ్ (మధ్య శబ్దాల నాబ్) సున్నాకి తెస్తారు. గెయిన్ ఎక్కువైతే వేగంగా వచ్చే నోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, తప్పు దెబ్బ కూడా వినపడదు కాబట్టి చెయ్యి దిద్దుకోదు. మిడ్ తీసేస్తే బ్యాకింగ్ ట్రాక్‌లో మీ గిటార్ మాయమవుతుంది. గెయిన్ 10కి 5 లేదా 6, మిడ్ 5 కంటే తగ్గించకుండా, బేస్ 4 దగ్గర మొదలుపెట్టండి. బరువు తక్కువనిపిస్తే గెయిన్ జోలికి పోకుండా పిక్ గట్టిగా కొట్టండి.

పామ్ మ్యూట్‌కి అరచేతి అంచు బ్రిడ్జ్ శాడిల్స్‌కి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటికి) సరిగ్గా ముందు ఆనాలి. ఒక సెంటీమీటరు ముందుకి జరిగితే స్వరం చచ్చి టక్‌టక్ మాత్రమే మిగులుతుంది, వెనక్కి జరిగితే తీగ మోగిపోతుంది. వేగం పెరిగే కొద్దీ చెయ్యి తెలియకుండానే ముందుకి జారుతుంది, అద్దంలో చూస్తే పట్టుకోవచ్చు.

పాట వేగంలో 60 శాతం దగ్గర మెట్రోనోమ్ పెట్టండి. ఒక రిఫ్ వరసగా నాలుగుసార్లు తప్పులేకుండా వస్తే 5 బీట్లు పెంచండి, తప్పు వస్తే 10 తగ్గించండి. ముంజేయి బిగుసుకోవడం మొదలైందంటే అక్కడితో ఆ రోజుకి ఆపేయాలి. బిగుసుకున్న కండరంతో నేర్చుకుంటే ఆ బిగుతే అలవాటవుతుంది, తర్వాత విడిపించడం చాలా కష్టం. నొప్పి వస్తే దాటి వాయించమని ఎవరైనా చెప్తే వినొద్దు.

పాటల వరస అంటే, ముందు "లుకింగ్ డౌన్ ద క్రాస్" నెమ్మది భాగం, తర్వాత "రాటిల్‌హెడ్", చివర్లో "మెకానిక్స్". పోలండ్ సోలోలు ఇప్పుడే ముట్టుకోవద్దు. అతను నోట్ల మధ్య పిక్ వాడకుండా ఎడమచేతి వేళ్ళతోనే జారుస్తాడు, లెగాటో. వేళ్ళ చాపు చాలా ఎక్కువ. రిథమ్ చెయ్యి కుదిరాక వేరుగా తీసుకోవాల్సిన పని అది.

రిఫ్‌రాజ్యం:

చాలా వివరంగా చెప్పారండి, అందరికీ థాంక్స్. ఇంకొక్కటే. 1985 మిక్స్ కావాలంటే ఎల్‌పీయే కొనాలా, పాత సీడీ చాలా? బ్యాండ్ స్వయంగా ఒప్పుకున్న మిక్స్ 2018దే కదా, అదే "అసలు"ది అనుకోవచ్చా?

టేప్‌హిస్:

మిక్స్ రెండింటిలోనూ ఒకటే, సీడీ చాలు. ఎనిమిది పాటలూ కావాలంటే 1995కి ముందు ముద్రించిన ప్రతి చూసుకోండి. వెనక అట్ట మీద నాలుగో పాట పేరు ఉందా లేదా అన్నది కొనేముందు ఫొటో అడిగి తేల్చుకోవచ్చు. ఎల్‌పీ అయితే పాటల జాబితాతో పాటు రెండో వైపు చివరి పాట దగ్గర గాడులు ఎలా ఉన్నాయో అడగండి. లోపలి గాడుల్లో సూది వేగం తగ్గి హై శబ్దం చెదురుతుంది, అక్కడే "మెకానిక్స్" ఉంది. అరిగిన ప్రతిలో ముందు పాడయ్యేది ఆ పాటే.

బ్యాండ్ ఒప్పుకోవడం సంగతి. మొదటి అట్ట బ్యాండ్ కోరినట్టు రాలేదు. మస్టేన్ గీసిన విక్ బదులు ప్లాస్టిక్ పుర్రె ఫొటో వేశారు. దాన్ని 2002లో సరిదిద్దడం నాకు పూర్తిగా సమ్మతమే, అది వాళ్ళ బొమ్మ. శబ్దం విషయంలో అంత సులువుగా ఒప్పుకోలేను. 2004లో "రస్ట్ ఇన్ పీస్" రీమిక్స్ చేసినప్పుడు కొన్ని పాటల్లో గొంతు కొత్తగా రికార్డు చేసి పెట్టారు, దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. బ్యాండ్‌కి మార్చుకునే హక్కు ఉంది. కానీ 1985లో థ్రాష్ వినేవాళ్ళని కదిలించింది ఆ పల్చటి, దూరపు, రివర్బ్ నిండిన మిక్సే. పాతదాన్ని అమ్మకంలో ఉంచి కొత్తది పక్కన పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు. కొత్తది వచ్చాక పాతది దొరక్కుండా పోవడమే నాకు నచ్చని విషయం.

బీసైడ్:

ఈ ఒక్క విషయంలో నేనూ టేప్‌హిస్ గారి పక్షమే. పాటలు పండలేదని నేనన్నది కూడా పాత మిక్స్ విన్నవాళ్ళకే సరిగ్గా అర్థమవుతుంది. 2018 దాంట్లో శబ్దం బరువుగా ఉండి అతుకులు కప్పేస్తుంది. రిఫ్‌రాజ్యం గారూ, ముందు 1985, మర్నాడు 2018 వినండి. 1985 ఎల్‌పీ మొత్తం కలిపి 31 నిమిషాల రికార్డే. విన్నాక మీకు ఏ పాట దగ్గర అభిప్రాయం మారిందో ఇక్కడే రాయండి.